తిరిగొచ్చాక మిగిలే వెలితి

పాండ్యుల నేల మీద చోళుల పేరు మోస్తున్న ఊరు చోళపురం. పడమటి కనుమల కింద, రాజపాళయం పక్కన ఉంటుంది. ఈ చుట్టుపక్కల వీధుల్లో తమిళం, చాలా ఇళ్ళల్లో తెలుగు. విజయనగరం రోజుల్లో వలస వచ్చిన రాజు కులంవాళ్ళ ఇళ్ళల్లో ఆ తెలుగు బడి గడప తొక్కకుండానే ఇన్ని తరాలు బతికింది. ఇక్కడ ఏ మేడ ఎక్కినా సముద్రం కనిపించదు. కొండ మీద పడిన వానకు మాత్రం దాని దారి తెలుసు. వాగులై దిగి, చెరువులు నింపి, వైప్పారులో కలిసి, సాత్తూరు మీదుగా వెళ్ళి మన్నారు సింధుశాఖలో పడుతుంది. నదులు సముద్రంలో చేరాక తామెవరో మరిచిపోతాయని ఛాందోగ్యంలో ఉద్దాలకుడు కొడుకుకు చెప్పిన మాటకు, ఈ ఊరివాళ్ళకి దొరికే దగ్గరి ఉదాహరణ వైప్పారే.

పొంగల్ సెలవులకు చెన్నై నుంచి, బెంగళూరు నుంచి కుర్రాళ్ళు దిగుతారు. "ఈసారి సముద్రానికే పోదాం బావా" అని ఒకడంటాడు, ఇంకొకడు వ్యాను మాట్లాడతాడు. రామేశ్వరం, ధనుష్కోటి, కురుసడై దీవి; సెలవు మిగిలితే కన్యాకుమారి. ఇంట్లో ఎవరో ఒక పెద్దాయన అడగకుండా ఉండరు: "ఇది యాత్రా, షికారా?" యాత్రయితే పుణ్యం, షికారయితే దండగ అని ఆయన లెక్క. ఈ రెంటి మధ్య గీత అంత గట్టిగా ఉందని నాకెప్పుడూ అనిపించలేదు. మన గ్రంథాలు కూడా ఆ గీతను పెద్దగా పట్టించుకోలేదు.

యోగవాసిష్ఠం సంగతే చూడండి. బ్రహ్మవిద్యకు శిఖరమని చెప్పుకునే ఆ గ్రంథంలో అసలు కథ కదిలేది ఒక విహారంతోనే. గురుకులం ముగించుకొని వచ్చిన రాముడు కొన్నాళ్ళు ఇంట్లో ఆటపాటలతో గడుపుతాడు. తర్వాత తండ్రి దగ్గరికి వెళ్ళి, తీర్థాలు, ఆశ్రమాలు, దేశాలు చూసి రావాలని ఉందంటాడు. దశరథుడు వసిష్ఠుడితో ఆలోచించి సరేనంటాడు. తమ్ముళ్ళు, వసిష్ఠుడు పంపిన విప్రులు, ఇష్టులైన కొందరు రాజకుమారులు వెంట నడుస్తారు. నదులు, అడవులు, కొండలు, సముద్రతీరాలు అన్నీ తిరిగి ఇంటికి వస్తారు. వచ్చాక రాముడు ఏ దేశంలో ఏ ఆచారమో, ఎక్కడ ఏ వింతో అందరికీ చెబుతాడు. ఇంతవరకూ మన వ్యాను కుర్రాళ్ళకూ ఆయనకూ తేడా ఏమీ లేదు.

తేడా ఆ తర్వాత వస్తుంది. పదహారేళ్ళు నిండని పిల్లవాడు చిక్కిపోతాడు. తిండి మీద, నగల మీద, మాట మీద మనసుండదు. సేవకులు వెళ్ళి దశరథుడి ముందు మొర పెట్టుకుంటారు. యాగరక్షణకు రాముణ్ణి అడగడానికి విశ్వామిత్రుడు వచ్చి సభలో కూర్చున్నది అప్పుడే. సంగతి విన్న ఆ మహర్షి కంగారుపడడు, పైగా సంతోషిస్తాడు. ఇది మోహం కాదు, వివేకం నుంచి పుట్టిన వైరాగ్యం, పిల్లవాణ్ణి పిలిపించండి అంటాడు. ముప్పై రెండు వేల శ్లోకాలుగా చెప్పుకునే గ్రంథం ఒక కుర్రవాడు ఊళ్ళు తిరిగి వచ్చాక పట్టుకున్న దిగులుకు జవాబు. మనవాళ్ళల్లో మడికి సింగన ఆ జవాబును వాసిష్ఠ రామాయణంగా తెలుగు చేశాడు.

సముద్రం చూసి వచ్చినవాళ్ళందరికీ ఆ దిగులు రుచి కొంచెమైనా తెలుసు. సంచి దులిపితే ఇసుక రాలుతుంది, ఒంటి మీద ఉప్పు ఇంకా ఉంటుంది, మర్నాడు ఆఫీసులో కూర్చుంటే ఎందుకో ఏదీ రుచించదు. దీనికి అలసట అని పేరు పెట్టి, కాఫీ తాగి, ఫోనులో ఫొటోలు తిప్పి, వచ్చే సెలవుల్లో అండమాన్‌కు టిక్కెట్లు ఎంతో చూసి సర్దుకుంటాం. నా ఉద్దేశంలో టూరు మొత్తానికీ విలువైన సరుకు ఆ వెలితి. దాన్నే మనం ఇంటికి వచ్చిన మొదటి రోజునే పారేస్తున్నాం.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. దిగులు పడ్డ ప్రతివాడూ రాముడు కాడు. పెద్దవాళ్ళు పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని మూడింటిని వేళాకోళంగా చెబుతారు. పురాణం విన్నంతసేపూ, పురిటినొప్పులు పడినంతసేపూ, చితి కాలినంతసేపూ ఉండి పోయేవి అవి. ఆ జాబితాలో సముద్ర వైరాగ్యాన్ని నాలుగోదిగా నిస్సంకోచంగా చేర్చుకోవచ్చు. రాముడికి కలిగినది వేరు ఎలా అయిందంటే, ఆయన దాన్ని ప్రశ్నగా మార్చాడు. వైరాగ్య ప్రకరణంలో సింహభాగం ఆ ప్రశ్నలే. సిరి ఏమిటి, ఆయుష్షు ఏమిటి, బాల్యం ఏమిటి, యౌవనం ఏమిటి, కాలం ఏమిటి అని సభలో నిలబడి ఒక్కొక్కటీ అడుగుతాడు. దిగులు అందరికీ వస్తుంది. ఆయన దాన్ని గురువుల ముందుకు తీసుకెళ్ళాడు.

దీవుల సంగతి భాగవతం పంచమ స్కంధంలో ఇంకా చిత్రంగా ఉంటుంది. పోతన పేర చలామణీ అయ్యే తెలుగు భాగవతంలో ఆ స్కంధాన్ని తెలుగు చేసినవాడు గంగన. ప్రియవ్రతుడనే రాజుకు సూర్యుడు భూమికి ఒక పక్కనే వెలుగివ్వడం నచ్చలేదు. రాత్రిని కూడా పగలు చేస్తానని సూర్యుడంత వేగం ఉన్న రథమెక్కి ఏడుసార్లు చుట్టాడు. ఆ రథచక్రాల గాడులే ఏడు సముద్రాలయ్యాయి, గాడుల మధ్య మిగిలిన నేలే ఏడు ద్వీపాలయింది. జంబూద్వీపం చుట్టూ ఉప్పుసముద్రం. అవతల చెరకురసం, కల్లు, నెయ్యి, పాలు, పెరుగు, మంచినీళ్ళ సముద్రాలు.

దీన్ని భూగోళ పాఠంగా చదివి నవ్వేవాళ్ళున్నారు, నిజమని పోట్లాడేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరూ కథలో చక్రం గుర్తును చూడలేదు. నేల మొదట ఒక్కటే. దాన్ని దీవులుగా చీల్చింది పరుగు. చీకటి వద్దు, అంతా వెలుగే కావాలి, అంతా సుఖమే కావాలి అని మనసు ఎంత వేగంగా చుడితే అంత లోతుగా గాడులు పడతాయి. ఇది నాది, అది నీది. వీడు మనవాడు, వాడు కాదు. దీవులు అలా ఏర్పడ్డాయి. అన్ని దీవులకూ అధిపతి అయిన ప్రియవ్రతుడు చివరికి ఏమయ్యాడు? ఇంద్రియాల వెంట ఇంతకాలం పడి తిరిగానే అని తన్ను తానే నిందించుకొని, రాజ్యం కొడుకులకు పంచి వెళ్ళిపోయాడు. రాముడికి పదహారేళ్ళు నిండకముందే కలిగిన వెలితి ఆయనకు ఏడు దీవులు అనుభవించాక కలిగింది.

చోళపురం నుంచి రామేశ్వరం రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. రాయలు ఆముక్తమాల్యదలో వర్ణించిన విల్లిపుత్తూరు గోపురం దాటాలి. అరుప్పుకోట్టై చేరితే తిరుచ్చుళి దగ్గరే. 1879 డిసెంబరు 30న రమణ మహర్షి పుట్టిన ఊరు అది. 1896లో మదురైలో ఇల్లు వదిలి అరుణాచలం చేరిన ఆ కుర్రవాడు 1950లో దేహం విడిచేదాకా ఆ కొండను విడిచి వెళ్ళలేదు. జీవితానికి ఒక్క ప్రయాణం చాలింది ఆయనకు. ఆత్మ ఒక్కటే అన్న విషయం మీద ఆయన 1947లో చేసిన ఏకాత్మ పంచకం మొదట తెలుగులోనే పుట్టింది. సముద్రం చూడబోయే వ్యాను తిరుచ్చుళి పక్క నుంచి వెళుతుంది. సాధారణంగా ఆగదు.

పాంబన్ వంతెన అందరికీ తెలిసిందే. 1914లో తెరిచిన పాత రైలు వంతెన పక్కన కొత్తది నిలబడింది. 2025 శ్రీరామనవమి నాడు, ఏప్రిల్ 6న దాన్ని ప్రారంభించారు. ఓడ వస్తే మధ్య భాగం నిలువునా పైకి లేస్తుంది. తూత్తుకుడికీ పాంబన్‌కూ మధ్య వరసగా ఇరవై ఒక్క చిన్న దీవులు. 1986లో వాటిని సముద్ర జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. కురుసడై వాటిలో ఒకటి. పడవలో వెళ్ళి అక్కడ దిగితే కాలి కింద నలిగేది మామూలు ఇసుక అనుకుంటాం. అందులో చాలా భాగం పగడపు పొడి. సూదిమొన అంత జీవి నీళ్ళలోని సున్నాన్ని తీసుకొని తన చుట్టూ గూడు కట్టుకొని చనిపోతుంది. ఆ గూటి మీద ఇంకొకటి. వేల ఏళ్ళు అలా పేరుకున్నది నీటి మట్టం దాకా వస్తే, దాని మీద ఇసుక చేరితే, చెట్టు మొలిస్తే, మనం దానికి ఒక పేరు పెట్టి పడవ టిక్కెట్టు కొంటాం.

వసిష్ఠుడు వాసన అనేది దీన్నే. చేసిన ప్రతి పనీ, పడిన ప్రతి ఇష్టమూ చచ్చిపోతూ ఒక సన్నని పెంకును వదిలిపోతుంది. ఆ పెంకుల గుట్ట నీటిపైకి తేలిన చోట నేను అని జెండా పాతుతాం. కింద అంతా ఒకటే మడుగు, ఒకటే అడుగు. పైన మాత్రం చుట్టుకొలతలు, సరిహద్దులు, పేర్లు.

ఆ ఇరవై ఒక్కటిలో రెండు, పూవరసన్‌పట్టి, విలాంగుచల్లి, ఇప్పుడు నీటి కిందికి వెళ్ళిపోయాయి. సున్నపు బట్టీల కోసం పగడాన్ని తవ్వుకుపోయిన ఫలితం అది. అహంకారం మునగాలి కాబట్టి దీవి మునగడం కూడా మంచిదే అనే అంతరార్థం ఎవరైనా చెబితే నమ్మకండి. పోలికను అది నడిచినంత దూరమే నడిపించాలి. దీవి మునిగితే అలలకు అడ్డు పోతుంది, చేపలకు నీడ పోతుంది, ఒడ్డున బెస్తవాళ్ళ బతుకు పోతుంది. వసిష్ఠుడు కూడా జీవన్ముక్తుడి దేహాన్ని మునిగిపొమ్మనలేదు. జ్ఞాని వాసన వేయించిన విత్తనం లాంటిది, ఆకారం ఉంటుంది గాని మొలకెత్తదు అన్నాడు. దీవి ఉండనీ. తవ్వి ముంచాల్సిన పని లేదు, ఇదొక్కటే నేల అనుకోకపోతే చాలు.

రామనాథస్వామి గుడిలో ఇరవై రెండు తీర్థాలున్నాయి. చాలావరకు బావులే. ఒకదాని తర్వాత ఒకటిగా బకెట్లతో తోడి తల మీద పోస్తారు. కుర్రాళ్ళకు అది పెద్ద సరదా, పెద్దలకు పుణ్యం. స్కాందపురాణంలోని కాశీఖండం, మన శ్రీనాథుడు తెలుగు చేసినది, ఈ విషయంలో నిర్మొహమాటంగా మాట్లాడుతుంది. అగస్త్యుడు లోపాముద్రతో మానసతీర్థాలను చెబుతూ సత్యం తీర్థం, ఓర్పు తీర్థం, ఇంద్రియ నిగ్రహం తీర్థం, దయ తీర్థం అని వరసగా ఎంచుతాడు. నీళ్ళలో మునిగితేనే స్వర్గమైతే, ఆ నీళ్ళల్లోనే పుట్టి ఆ నీళ్ళల్లోనే చచ్చే జలచరాల మాటేమిటని ఆయన వాదం. అంతమాత్రాన అగస్త్యుడు భూమి మీది తీర్థాలను కొట్టిపారెయ్యలేదు. రెంటిలోనూ మునగమన్నాడు.

ధనుష్కోటి గురించి ఎక్కువ చెప్పను. 1964 డిసెంబరు 22 రాత్రి తుపాను ఒక ఊరిని, ఒక రైలును మింగింది. చర్చి గోడలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. దారికి ఒక పక్క అలలు లేని నీరు, మరో పక్క ఉరుమే నీరు. వీటిని ఆడ సముద్రం, మగ సముద్రం అంటారు. యాత్రికులను రామేశ్వరం నుంచి ధనుష్కోటికి చేరవెయ్యడానికి అబ్దుల్ కలాం తండ్రి జైనులాబ్దీన్ కట్టిన చెక్క పడవ కూడా ఒక తుపానులో పోయింది. ఆయనకూ గుడి ప్రధానార్చకుడు పక్షి లక్ష్మణశాస్త్రికీ గాఢమైన స్నేహం. ఇద్దరూ తమ తమ సంప్రదాయ వేషాల్లో కూర్చొని ఆధ్యాత్మిక విషయాలు మాట్లాడుకునే దృశ్యాన్ని కలాం తన జీవితకథలో గుర్తుచేసుకున్నారు. స్నేహితులతో సముద్రతీరం అంటే నాకు ముందు గుర్తుకొచ్చేది ఆ ఇద్దరే.

పాంబన్ దీవిలోనే కుందుకాల్ అని ఒక రేవు. 1897 జనవరి 26న, పడమటి దేశాల నుంచి కొలంబో మీదుగా తిరిగి వచ్చిన వివేకానందుడు భారతదేశం నేల మీద కాలుపెట్టింది అక్కడే. ఆయన్ను చికాగో పంపడానికి పూనుకున్నవారిలో ముఖ్యుడైన రామనాథపురం రాజా భాస్కర సేతుపతి ఎదురొచ్చాడు. అంతకుముందు 1892 డిసెంబరులో ఇదే స్వామి కన్యాకుమారి దగ్గర నీళ్ళ మధ్య రాతి మీద ధ్యానంలో కూర్చున్నాడు. సముద్రంలోని ఒక రాతి మీద కలిగిన వెలితి ఆయన్ను ప్రపంచం చుట్టించి మళ్ళీ సముద్రంలోని దీవి మీదే దింపింది. రామేశ్వరం గుడిలో మాట్లాడమంటే ఆయన చెప్పిన సారం ఇది: పేదలో, బలహీనుడిలో, రోగిలో శివుణ్ణి చూసినవాడిదే నిజమైన పూజ, విగ్రహంలోనే చూసినవాడు ఇంకా మొదటి మెట్టు మీద ఉన్నాడు. గుడి లోపల నిలబడి గుడికి వచ్చినవాళ్ళతో అన్న మాట ఇది.

కుర్రతనంలో తీరాలు తిరిగి వెళ్ళిన రాముడు సముద్రానికి రెండోసారి వచ్చినప్పుడు మాత్రం విహారం కాదు. భార్య అవతలి దీవిలో ఉంది. అప్పుడు కూడా చుట్టూ స్నేహితులే, కాకపోతే ఈసారి వానరులు. ఆ తీరాన జరిగిన సంగతుల్లో మనకు సేతువు ఒక్కటే గుర్తుంటుంది. నలుడు నూరు యోజనాలు అయిదు రోజుల్లో కట్టాడని చెప్పుకుంటాం. నా దృష్టిలో అంతకంటె పెద్ద విషయం సేతువుకు ముందే జరిగింది. విభీషణుడు అన్నను, ఇంటిని, భార్యాబిడ్డలను, సిరిని వదిలి నలుగురితో కలిసి దీవి దాటి వచ్చాడు. వచ్చి నేల మీద దిగలేదు, ఆకాశంలోనే నిలబడ్డాడు. సుగ్రీవుడు నమ్మవద్దన్నాడు, హనుమంతుడు నమ్మవచ్చన్నాడు, కింద చర్చ నడుస్తోంది. అంతసేపూ ఆయనకు వెనక దీవి లేదు, ముందు ఒడ్డు లేదు.

పెద్దలు లంకను దేహంగా, పది తలలను పది ఇంద్రియాలుగా చెప్పుకున్నారు. ఆ లెక్కలో విభీషణుడు ఆ దేహంలోనే ఉంటూ దానికి లొంగని బుద్ధి. పాత నేల వదిలేశాక, కొత్త నేల ఇంకా దొరక్కముందు ఆ బుద్ధి నిలబడే చోటే ఈ ఆకాశం. సెలవు అయిపోయి, పని ఇంకా పట్టుకోని ఆ ఒకటి రెండు రోజుల్లో మనం నిలబడేది కూడా అక్కడే. మనం భయపడి వెనక్కి లంకకే దూకేస్తాం. ఆయన ఆగాడు, శరణన్నాడు. స్నేహం కోరి వచ్చినవాణ్ణి వదలనని రాముడు చేర్చుకున్నాడు, లక్ష్మణుడి చేత సముద్రపు నీళ్ళే తెప్పించి ఆ ఇసుకలోనే పట్టాభిషేకం చేయించాడు. గంగాజలం కోసం ఎవరూ పరుగెత్తలేదు. ఉప్పునీళ్ళే పనికొచ్చాయి.

ఆ తర్వాతి మలుపు ఇంకా విచిత్రం. శరణాగతుడైన విభీషణుడే, సముద్రుణ్ణి శరణు కోరమని రాముడికి సలహా చెప్పాడు. రాముడు దర్భలు పరిచి మూడు రాత్రులు పడుకున్నాడు. సముద్రుడు రాలేదు. విల్లెత్తితే గాని రాలేదు. విభీషణుడి శరణాగతి క్షణాల్లో పండింది, రాముడిది మూడు రాత్రులకూ పండలేదు. శ్రీవైష్ణవ వ్యాఖ్యాతలు దీని మీద ఎంతో ఆలోచించారు. వాళ్ళు చెప్పే కారణం నాకు సరిగ్గానే తోస్తుంది: చేతిలో బాణం ఉన్నవాడు చేసే శరణాగతికి, చేతిలో ఏమీ లేనివాడి శరణాగతికి తేడా ఉంది.

మరి స్నేహితుల మాట? వసిష్ఠుడు మోక్షద్వారానికి నలుగురు కావలివాళ్ళను పెట్టాడు: శమం, విచారం, సంతోషం, సత్సంగం. ఒక్కరితో స్నేహం కుదిరినా మిగతా ముగ్గురూ వెంట వస్తారన్నాడు. మొదటి మూడూ ఒంటరిగా కూర్చొని చేసుకోవాల్సినవి, వ్యాను నిండా జనంతో కుదిరేవి కావు. నాలుగోది జనం లేకుండా కుదరదు. తిరిగొచ్చాక ఏదీ రుచించడం లేదని ఒకడు నోరు తెరిచి చెబితే, "ఏమయిందిరా, ప్రేమలో పడ్డావా" అని నవ్వకుండా వినే బావ ఒక్కడున్నా ఆ టూరు సత్సంగమే. ఫొటోలు పంపుకోవడానికి పెట్టుకున్న గుంపులో ఆ ఒక్క మాట రాసేవాడు ఉండడు. రాయడానికి అందరికీ సిగ్గు.

కాబట్టి ఈ పొంగల్‌కు బయల్దేరేవాళ్ళకు ఒక్క మనవి. రామనాథపురం చేరాక వ్యాన్లన్నీ తిన్నగా పాంబన్ దారి పడతాయి. కీళక్కరై వైపు పది కిలోమీటర్లు తిరిగితే తిరుప్పుల్లాణి. రాముడు దర్భల మీద పడుకున్నాడని చెప్పే చోటు అదే, ఆది జగన్నాథస్వామి గుడిలో దర్భశయన రాముడు పడుకునే దర్శనమిస్తాడు. విభీషణుణ్ణి చేర్చుకున్న చోటు కూడా అదేనంటారు. అక్కడ పడవలు లేవు, అలలు లేవు, ఫొటోకు పనికొచ్చే సూర్యోదయం లేదు. ఒక పూట అక్కడ ఏమీ చెయ్యకుండా కూర్చోండి. ఆ మలుపు దగ్గర ఆపమని డ్రైవరుకు బయల్దేరేటప్పుడే చెప్పి పెట్టండి, తర్వాత చెబితే ఎవరూ ఒప్పుకోరు.